ఎమిలా, పిప్పియా, రోన్యానా? ఏ స్వీడిష్ పిల్లల సినిమా ముందు పెట్టాలి, ఎవరు తీసినది పెట్టాలి

స్టాక్‌హోమ్‌కి కొత్తగా వచ్చిన మన వాళ్ళ పిల్లలు డాగిస్‌లో, అంటే ఇక్కడి ప్రీస్కూల్లో చేరి రెండు మూడు నెలలు కాగానే ఇంట్లో కొన్ని పేర్లు వినపడటం మొదలవుతుంది. పిప్పి, ఎమిల్, రోన్యా. తర్వాత అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "ఇవన్నీ సినిమాలుగా ఉన్నాయట కదా, ఏది ముందు చూపించమంటారు?" మా పెద్దదానికి పదకొండు, చిన్నవాడికి ఆరు, ఇన్నేళ్ళుగా ఈ సినిమాలు మా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని సబ్‌టైటిల్స్‌తో చూద్దామనుకునే వాళ్ళకీ పనికొస్తుంది.

ముందే ఒక మాట. పుస్తకం పేరు చూసి ఎంచుకోవద్దు, ఎవరు తీశారో చూసి ఎంచుకోండి. ఒకే కథని ముగ్గురు నలుగురు తీశారు. పిప్పి అని వెతికితే 1949 నాటి స్వీడిష్ సినిమా వస్తుంది, 1969 టీవీ సిరీస్ వస్తుంది, 1988లో అమెరికా వాళ్ళు తీసినది వస్తుంది, 1997 కార్టూన్ వస్తుంది. అన్నీ ఒకటే కదా అని చేతికి దొరికింది పెట్టేస్తే పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతారు, "పిప్పి ఏం బాలేదు" అని ఆ పేరు మీదే మనసు విరిగిపోతుంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. ఆ పాప మళ్ళీ పిప్పి మొహం చూడటానికి రెండేళ్ళు పట్టింది.

ఈ కథల్లో చాలావరకు రాసింది ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్. 1907లో దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్‌లో, విమ్మర్‌బీ అనే చిన్న ఊరి అంచున ఉన్న పొలం ఇంట్లో పుట్టారు, 2002లో పోయారు. ఆవిడ కథ మొదటిసారి సినిమాగా వచ్చింది 1947లో, ఒక కుర్ర డిటెక్టివ్ కథ. రెండేళ్ళకి పిప్పి తీశారు, కానీ తొమ్మిదేళ్ళ పిల్ల వేషం ఇరవై దాటిన నటి చేత వేయించారు. లిండ్‌గ్రెన్‌కి ఆ సినిమా నచ్చలేదు. తర్వాతి కాలంలో వచ్చిన వాటిలో ఎక్కువ వాటికి స్క్రీన్‌ప్లే ఆవిడే రాశారు, దర్శకుడిగా ఊల్లె హెల్‌బొమ్ కుదిరారు. 1957లో మొదలుపెట్టి 1981 దాకా, అంటే హెల్‌బొమ్ చనిపోవడానికి ముందు ఏడాది దాకా, ఇద్దరూ కలిసి తీస్తూనే ఉన్నారు. వీటిలో చాలావాటికి నిర్మాత ఊల్లె నూర్దెమార్. అంతకుముందు పసిఫిక్ సముద్రంలో సాగిన కోన్-టికి తెప్ప ప్రయాణం మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ అందుకున్న మనిషి ఆయన.

ఈ పేర్లన్నీ మనకెందుకంటే, పెద్దవాళ్ళ వేషాలు ఎవరు వేశారో చూస్తే ఆ సినిమాల మీద వీళ్ళకి ఎంత పట్టింపు ఉందో అర్థమవుతుంది. అలాన్ ఎడ్వాల్ అనే నటుడు ఉన్నారు. ఎమిల్ వాళ్ళ నాన్న ఆయనే, 1981 నాటి రాస్మూస్ సినిమాలో అనాథ పిల్లాడిని వెంటేసుకుని తిరిగే దేశదిమ్మరి ఆయనే, రోన్యాలో ముసలి దొంగ తాత కూడా ఆయనే. స్వీడన్‌లో పేరుమోసిన దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ఫ్యానీ అండ్ అలెగ్జాండర్‌లో పిల్లల తండ్రి కూడా ఆయనే. దేశంలో అగ్రనటులు పిల్లల సినిమాకి వచ్చి, పిల్లల కోసమని గొంతు మార్చకుండా, మొహం వంకర్లు తిప్పకుండా మామూలుగా నటించారు. పిల్లలకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పెద్దవాళ్ళు తమని చిన్నచూపు చూస్తున్నారా లేదా అన్నది వాళ్ళు మనకంటే ముందు పట్టేస్తారు.

ఇంట్లో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలుంటే నా ఓటు ఎమిల్‌కే. 1971, 72, 73ల్లో వరసగా మూడు సినిమాలు, మూడూ హెల్‌బొమ్ తీసినవే. పల్లెటూరు, పొలం, పశువులు, చెల్లెలు ఈదా, పనిమనిషి లీనా, పాలేరు అల్ఫ్రెడ్, రోజుకో అల్లరి. సూప్ గిన్నెలో తల ఇరుక్కుపోతుంది, చెల్లెల్ని జెండా కర్రకి కట్టి పైకి లాగేస్తాడు. ఇవన్నీ కళ్ళతో చూసి నవ్వేవి, మాటలు తెలియక్కర్లేదు. భాష రాని పిల్లలకి పిప్పి కంటే ఎమిల్ ముందు అని చెప్పేది అందుకే, పిప్పిలో సగం హాస్యం ఆ పిల్ల కోసే కోతల్లోనే ఉంటుంది.

కొంతమంది అమ్మలు అడుగుతారు, "ఇది చూసి మా వాడు ఇంకా రెచ్చిపోడా?" అని. నా అనుభవం చెప్తాను. ఎమిల్ అల్లరి వెనక చెడ్డ బుద్ధి ఎక్కడా లేదు, ప్రతిదీ ఎవరికో సాయం చేద్దామనో, ఏదో కనిపెడదామనో మొదలవుతుంది. నాన్న కోపంతో ఊగిపోతూ వెంటపడతాడు, వాడు పరిగెత్తి వడ్రంగి కొట్లో దూరి గడియ పెట్టుకుని, కూర్చుని కొయ్య బొమ్మలు చెక్కుకుంటాడు. శిక్ష అంటే అదే. లిండ్‌గ్రెన్ 1978లో జర్మనీలో ఒక శాంతి బహుమతి తీసుకుంటూ పిల్లల్ని కొట్టొద్దనే మాట్లాడారు, మరుసటి ఏడాదే, 1979లో, పిల్లల మీద చెయ్యెత్తడాన్ని చట్టంతో నిషేధించిన మొదటి దేశం స్వీడన్ అయింది. మా చిన్నవాడు వీటిని చూసి అల్లరి ఎక్కువ చేశాడో లేదో గానీ, తప్పు చేసినప్పుడు దాచడం మానేశాడు. నాకు అది చాలు.

2013లో ఎమిల్, ఈదాల మీద ఒక బొమ్మల సినిమా కూడా వచ్చింది. తీసిన ముగ్గురిలో ఒకరు పేర్ ఓలీన్, స్వీడిష్ యానిమేషన్‌లో పెద్దాయన. పుస్తకాలకి బ్యోర్న్ బెర్గ్ వేసిన గీతల బొమ్మలనే కదిలించినట్టు ఉంటుంది. చిన్నది, గంటలో అయిపోతుంది, మూడేళ్ళ పిల్లలకి సరిపోతుంది. అంతకంటే పెద్దవాళ్ళకైతే నేరుగా పాతదానికే వెళ్ళండి. అలాన్ ఎడ్వాల్ "ఎమీ...ల్" అని అరిచే అరుపు బొమ్మల్లో రాదు. వెతికేటప్పుడు ఒక చిక్కు: జర్మన్ వెర్షన్లో వీడి పేరు మీషెల్. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ పుస్తకంలో అప్పటికే ఒక ఎమిల్ ఉండటంతో పేరు మార్చారు. మ్యూనిక్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మన వాళ్ళు మీషెల్ అని వెతకాలి.

పిప్పి విషయంలో తటపటాయించే పని లేదు, 1969 సిరీసే. పదమూడు ఎపిసోడ్లు, హెల్‌బొమ్ దర్శకత్వం, పిప్పిగా ఇంగెర్ నిల్సన్. ఈ సిరీస్‌ని కత్తిరించి అతికించి సినిమాలుగానూ వదిలారు. 1970లో వచ్చిన రెండు మాత్రం సినిమాలుగానే తీసినవి, ఒకటి సముద్రపు దొంగలతో, ఇంకోటి పిప్పితో కలిసి పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళేది. వాటితో మొదలుపెట్టకండి. చుక్కల గుర్రం మీద ఆ పిల్ల ఒంటరిగా ఊళ్ళోకి రావడం, పక్కింటి టొమ్మి, ఆన్నికా కంచె మీంచి నోరు తెరుచుకుని చూడటం, ఇవి చూశాకే మిగతావి రుచిస్తాయి. ఆ రంగురంగుల ఇల్లు గోట్లాండ్ దీవిలో విస్బీ పక్కన ఇప్పటికీ ఉంది, వేసవిలో వెళ్ళి లోపలికి కూడా తిరిగి రావచ్చు.

ఒక్క విషయం మాత్రం మనలాంటి రంగు ఉన్న ఇళ్ళల్లో ముందే తెలిసి ఉండాలి. పిప్పి వాళ్ళ నాన్న దక్షిణ సముద్ర దీవికి రాజు అని కథ. పాత సిరీస్‌లో ఆయన గురించి చెప్పేటప్పుడు నల్లవాళ్ళని కించపరిచే పదం వాడారు, ఇంకోచోట పిప్పి కళ్ళు సాగదీసి చైనా వాళ్ళని అనుకరిస్తుంది. 2014లో స్వీడిష్ ప్రభుత్వ టీవీ ఎస్వీటీ ఆ రెండింటినీ సరిచేసింది, అప్పట్లో దేశమంతా దాని మీద పెద్ద వాదన నడిచింది. పాత డీవీడీల్లో ఇంకా అలాగే ఉండొచ్చు. నేనైతే సరిచేసినదే పెట్టాను, మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు వచ్చాక కూర్చోబెట్టి ఏం మార్చారో, ఎందుకు మార్చారో చెప్పాను. పక్కన కూర్చోకుండా పాత కాపీ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోవద్దు.

1988 అమెరికా పిప్పి, 1997 కార్టూన్ రెండూ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి తేలిగ్గా అనిపిస్తాయి. కార్టూన్ పరవాలేదు, వర్షం పడే మధ్యాహ్నానికి చాలు. 1988ది నేను ఎవరికీ చెప్పను.

ఇక రోన్యా. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఎంచుకునేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. అడవిలో పిడుగుపడి రెండుగా చీలిన కోట, రెండు దొంగల ముఠాలు, ఒక ముఠా నాయకుడి కూతురు రోన్యా, ఇంకో ముఠా నాయకుడి కొడుకు బిర్క్. పిల్లలు ఒకరినొకరు అన్నాచెల్లెళ్ళుగా ఎంచుకుంటారు, తండ్రులు ఒప్పుకోరు. పుస్తకం 1981లో వచ్చింది. దీనికి మూడు రూపాలున్నాయి, మూడూ బాగున్నవే, అయితే మూడు రకాల పిల్లలకి.

1984 సినిమా తీసింది టాగె డానియెల్సన్. హాన్స్ ఆల్ఫ్రెడ్సన్‌తో జంటగా స్వీడన్ మొత్తాన్ని ఏళ్ళ తరబడి నవ్వించిన మనిషి, తన చివరి రోజుల్లో ఇది తీశారు, 1985లో పోయారు. స్క్రీన్‌ప్లే లిండ్‌గ్రెన్‌దే. బెర్లిన్ సినిమా ఉత్సవంలో దీనికి వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది. రోన్యాగా చేసిన హన్నా జెట్టర్‌బెర్గ్ పెద్దయ్యాక పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. తండ్రి మట్టిస్‌గా బోర్యె ఆల్‌స్టెడ్ ఉంటారు, ఆ కోపం, ఆ ప్రేమ, ఆ పసితనం, అలాంటి నాన్నలు మన ఊళ్ళల్లో కూడా చాలామంది ఉంటారు, కూతురి మీద ప్రాణం పెట్టుకుని ఆ కూతురితోనే మాటలు మానేసేవాళ్ళు. ముసలి తాత చనిపోయినప్పుడు అంత పెద్ద మనిషి, నిన్నటిదాకా ఉన్నవాడు ఇవాళ లేడేమిటని గుండె బాదుకుని ఏడుస్తాడు. మా నాన్నగారు రాజమండ్రిలో పోయిన ఏడాది మా అమ్మాయితో కలిసి దీన్ని మళ్ళీ చూశాను. ఇండియా వెళ్ళినప్పుడు నేను ఎందుకు అలా ఏడ్చానో తనకి అప్పుడు అర్థమైందని చెప్పింది. అంతకుముందు నేను ఎంత చెప్పినా అర్థం కాలేదు.

రెండు జాగ్రత్తలు. సినిమా రెండు గంటలు దాటుతుంది, చిన్నపిల్లలుంటే రెండు సాయంత్రాలుగా పెట్టుకోండి. స్త్రీ మొహం ఉన్న పెద్ద పక్షుల్లాంటి భూతాలు ఆకాశంలోంచి దిగుతాయి, ఐదేళ్ళ పిల్లలు జడుసుకుంటారు. దొంగలంతా మంచులో బట్టల్లేకుండా స్నానం చేసే సీను కూడా ఉంది, ఇక్కడ దాన్ని ఎవరూ వింతగా చూడరు, మీ ఇంట్లో తాతయ్య, నానమ్మ పక్కనుంటే ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఏడెనిమిదేళ్ళు దాటాక సరైన వయసు.

2014లో జపాన్‌లో గోరో మియాజాకి ఇదే కథని ఇరవై ఆరు ఎపిసోడ్ల యానిమేషన్‌గా తీశారు. దీనికి ఒక పాత కథ ఉంది. 1971లో గోరో తండ్రి, యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకి, ఆయన తోటి దర్శకుడు తకహాతా కలిసి పిప్పిని యానిమేషన్‌గా తీయాలని అనుకున్నారు, హయావో స్వీడన్‌కి వచ్చి స్టాక్‌హోమ్, విస్బీ వీధులు చూసుకుని వెళ్ళారు, హక్కులు మాత్రం దొరకలేదు. నలభై ఏళ్ళ తర్వాత కొడుక్కి లిండ్‌గ్రెన్ కథ దక్కింది. ఇది నెమ్మదిగా నడుస్తుంది, పుస్తకంలోని ప్రతి చిన్న సంగతినీ వదలకుండా చూపిస్తుంది. బొమ్మలు కంప్యూటర్‌లో చేసినవి, మొదట కాస్త బిగుసుకున్నట్టు అనిపిస్తాయి, మూడో ఎపిసోడ్‌కి అలవాటవుతుంది. భయపడే పిల్లలకి, రాత్రికి ఒక్కటే చూసి పడుకునే ఇంటికి ఇది బాగుంటుంది. ఇంగ్లీషు డబ్బింగ్ కూడా ఉంది.

మూడోది 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సిరీస్. దర్శకురాలు లీసా జేమ్స్ లార్సన్, రాసింది హాన్స్ రోసెన్‌ఫెల్ట్, ది బ్రిడ్జ్ అనే క్రైమ్ సిరీస్ రాసిన ఆయనే. ఆ చెయ్యి ఇక్కడా కనపడుతుంది. అడవి అద్భుతంగా ఉంది, పిల్లలు బాగా చేశారు, కానీ పెద్దవాళ్ళ గొడవలకి చాలా ఎక్కువ చోటిచ్చారు, చీకటి ఎక్కువ. పదీ పదకొండేళ్ళ పిల్లలకి నచ్చుతుంది. నా సలహా, 1984ది చూశాకే దీని దగ్గరికి రండి. తిరగేసి చూస్తే పాతది నీరసంగా అనిపిస్తుంది, అది మీ పిల్లలకే నష్టం.

లయన్‌హార్ట్ సోదరుల కథ, 1977, మళ్ళీ హెల్‌బొమ్. దీన్ని రోన్యాతో పోల్చి "రెండూ ఫాంటసీలే కదా" అని పెట్టేయకండి. జబ్బుతో మంచం పట్టిన తమ్ముడు, మంటల్లోంచి తమ్ముణ్ణి వీపు మీద వేసుకుని దూకి చనిపోయే అన్న, చావు తర్వాతి లోకం, అక్కడ నియంత, డ్రాగన్, చివర్లో మళ్ళీ ఒక దూకడం. ముందు మీరొక్కరే చూడండి. తర్వాత మీ పిల్ల మనసు మీకు తెలుసు కాబట్టి మీరే నిర్ణయించండి. మేం పదేళ్ళు నిండేదాకా ఆగాం, ఆగినందుకు మంచిదైంది, చూశాక ఆ రాత్రి పన్నెండింటిదాకా మాట్లాడుకున్నాం.

అసలు ఏ గొడవా వద్దు, చెడ్డవాళ్ళు ఉండకూడదు, నిద్రపోయే ముందు హాయిగా ఉండాలంటే బుల్లెర్‌బీ పిల్లలు. మూడు ఇళ్ళ ఊరు, అరడజను పిల్లలు, వేసవి సెలవులు, క్రేఫిష్ అనే రొయ్యల్లాంటివి పట్టడం, ఇంగ్లీషులో నాయిజీ విలేజ్ అని దొరుకుతుంది. 1986, 87ల్లో రెండు సినిమాలు, లాస్సె హాల్‌స్ట్రోమ్ తీశారు, లిండ్‌గ్రెన్ వాళ్ళ నాన్న చిన్నప్పుడు పెరిగిన సేవెడ్స్‌టోర్ప్‌లోనే షూటింగ్ చేశారు. కథ ముందుకి పరిగెత్తదు, కాబట్టి మార్వెల్ సినిమాలకి అలవాటు పడ్డ ఎనిమిదేళ్ళ పిల్లాడి ముందు పెట్టి వాడు కూర్చోలేదని బాధపడొద్దు. నాలుగైదేళ్ళ వాళ్ళు మాత్రం కదలరు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అదే హాల్‌స్ట్రోమ్ దానికి ముందు ఏడాది, 1985లో, రెయిదార్ యోన్సన్ నవల ఆధారంగా మై లైఫ్ యాజ్ ఎ డాగ్ తీశారు, దానికి దర్శకత్వానికీ స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. పోస్టర్ మీద పిల్లాడు, పేరులో కుక్క, అదే ప్రాంతపు పల్లెటూరు. అది చిన్నపిల్లల సినిమా కాదు. తల్లి జబ్బు, ఆ పిల్లాడి కుక్కకి ఏమవుతుందనే సంగతి, పెద్దవుతున్న పిల్లల శరీరాల గురించిన కుతూహలం, అన్నీ ఉంటాయి. గొప్ప సినిమా, మీరు చూడండి, పద్నాలుగేళ్ళ పిల్లలతో కలిసి చూడండి. పోస్టర్ చూసి ఐదేళ్ళ వాళ్ళకి పెట్టకండి.

లిండ్‌గ్రెన్ బయట కూడా మంచివి ఉన్నాయి, ముఖ్యంగా రచయిత ఊల్ఫ్ స్టార్క్ పేరు ఎక్కడ కనపడినా ఆగండి. ఆయన పుస్తకం నుంచి 1994లో తీసిన కాన్ దూ విస్లా యోహన్నా అనే చిన్న సినిమాలో, తాతయ్య లేని ఒక పిల్లాడు వృద్ధాశ్రమానికి వెళ్ళి తనకో తాతని ఎంచుకుంటాడు. తాతగా వేసింది పేర్ ఓస్కార్సన్, రోన్యాలో బిర్క్ వాళ్ళ నాన్న, 1966లో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడు. క్రిస్మస్ ముందురోజు ఎస్వీటీలో వేస్తారు. గంట కూడా ఉండదు, తాతయ్యలు అమ్మమ్మలు సముద్రాల అవతల ఉన్న మన పిల్లలకి ఇది ఇంకోలా తగులుతుంది, గుండె లోతు దాకా. 1999 నాటి త్సత్సీకి సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా స్టార్క్‌దే, దర్శకురాలు ఎల్లా లెమ్‌హాగెన్. రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే అమ్మ, గ్రీస్‌లో ఎక్కడో ఉన్న నాన్న, ఇంట్లో అద్దెకుండే పోలీసు. ఇవాళ్టి స్టాక్‌హోమ్ పిల్లల జీవితానికి ఇది దగ్గరగా ఉంటుంది. దీని తర్వాతి భాగాల్లో 2015లో వచ్చినదాన్ని తీసింది లీసా జేమ్స్ లార్సన్, పైన చెప్పిన కొత్త రోన్యా ఆవిడే. డిటెక్టివ్ కథలు ఇష్టపడే ఏడేళ్ళ వాళ్ళకి మార్టిన్ విడ్‌మార్క్ పుస్తకాల లాస్సె, మాయా సినిమాలు సరదాగా గడిచిపోతాయి, ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

మళ్ళీ లిండ్‌గ్రెన్ కథే అయిన మియో సినిమా గురించి కూడా అడుగుతారు, 1987ది, సోవియట్ దర్శకుడు తీసినది. క్రిస్టియన్ బేల్ మొదటి సినిమా, విలన్ క్రిస్టఫర్ లీ, పాట స్వీడిష్ పాప్ బృందం అబ్బాకి చెందిన బెన్నీ, బ్యోర్న్‌లది. ఇన్ని పేర్లున్నా సినిమాకి ప్రాణం లేదు. పుస్తకం చదివి వినిపించండి, అది వెయ్యి రెట్లు మేలు.

భాష సంగతి. ఇంగ్లీషు డబ్బింగ్ ఉన్న పాత పిప్పి కంటే స్వీడిష్‌లో పెట్టి మీరు పక్కన తెలుగులో చెప్పడమే నయం. నేను మొదటి రెండేళ్ళు అలాగే చేశాను, ఎమిల్ వాళ్ళ నాన్న మా ఇంట్లో గోదావరి యాసలో తిట్టేవాడు. ఇప్పుడు పిల్లలే నాకు అనువాదం చేస్తున్నారు, ఎమిల్ టోపీని, తుపాకీని స్మోలాండ్ యాసలో ఎలా పలుకుతాడో చెప్పి నాతో అనిపిస్తారు. డీవీడీ ప్లేయర్ ఉంటే ముందు మీ పేటలో లైబ్రరీకి వెళ్ళి అడగండి, డబ్బులు పెట్టక్కర్లేదు. థియేటర్‌కి వెళ్ళేటప్పుడు టికెట్ మీద ఏడు, పదకొండు అని వయసు ఉంటుంది, ఏడు లోపు పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి ఏడు అని ఉన్న సినిమాకి వెళ్ళొచ్చు, ఏడు నిండినవాళ్ళు అలాగే పదకొండుకి వెళ్ళొచ్చు. వెళ్ళొచ్చు అన్నారని వెళ్ళితీరాలని కాదు, చీకటి హాల్లో భయం ఇంట్లో కంటే రెండింతలు.

ఎమిల్ చూపించాలనుకునే వాళ్ళు మే నెల దాటనివ్వకండి. 1973 సినిమాలో చిన్న ఈదా పాడే వేసవి పాట ఒకటుంది, మాటలు లిండ్‌గ్రెన్‌వి, బాణీ యోర్గ్ రీడెల్‌ది, పూలూ వాగులూ అన్నీ నేనే తెస్తున్నాను అని ఆ పిల్ల పాడుతుంది. జూన్‌లో స్కూల్ ఆఖరి రోజున పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చాలా చోట్ల ఆ పాటే పాడిస్తారు. మీ పిల్లలు అది ఎవరి పాటో తెలిసి పాడతారు.